బాత్ బాంబ్ లేబుల్‌ని చివర్నుంచి చదవండి

బాత్ బాంబ్, అంటే టబ్ స్నానానికి నీళ్లలో కరిగించుకునే సువాసన ఉండ, నీళ్లలో వేయగానే బుసబుసా పొంగుతుంది కదా, చాలామందికి అనుమానం అక్కడే మొదలవుతుంది, ఏదో కెమికల్ రియాక్షన్ జరుగుతోంది ఒంటికి మంచిదేనా అని. ఆ పొంగు గురించి పెద్దగా బెంగ అక్కర్లేదండి. బేకింగ్ సోడా, సిట్రిక్ యాసిడ్ పొడిగా ఉన్నంతసేపు పక్కపక్కనే ఊరికే ఉంటాయి, తడి తగిలితే రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదుల్తాయి, చివరికి మిగిలేది సోడియం సిట్రేట్ అనే ఒక ఉప్పు, కాసిని నీళ్లు. కూల్ డ్రింక్‌లో బుడగలు తెచ్చేది కూడా ఆ గ్యాసే. గాలి ఆడే బాత్రూంలో ఒక బాంబ్ వల్ల ఏం కాదు.

మరి చూడాల్సింది ఏంటంటే లేబుల్ చివర. ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు, తక్కువవి తర్వాత రాస్తారు, సువాసన, రంగు, మెరుపు ఇవన్నీ చివర్లో ఇరుక్కుని ఉంటాయి, ఒంటికి పడకపోతే ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

పర్ఫమ్ అనో ఫ్రాగ్రెన్స్ అనో ఒక్క ముక్క రాసి ఉంటుంది చూడండి, ఆ ఒక్క ముక్క వెనక పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. దాని పక్కనే లినలూల్, లిమోనీన్, యూజెనాల్, సిన్నమాల్ లాంటి పేర్లు కూడా కనిపిస్తే అయ్యో ఎన్ని కెమికల్సో అని అక్కడ పడేయకండి, కొందరికి ఎలర్జీ తెచ్చే సువాసనలు ఇవి, కడిగేసుకునే ప్రొడక్ట్‌లో 0.01 శాతం దాటితే పేరు రాయాలని యూరప్ రూల్ ఉంది, పేర్లు రాస్తేనే కదా మనకి ఏది పడదో తెలిసేది. ఇంకో సంగతి, లినలూల్, లిమోనీన్ తాజాగా ఉన్నప్పటికంటే గాలి తగిలి పాతబడ్డాక ఎలర్జీ ఎక్కువ తెస్తాయి. ఎవరో గిఫ్ట్ ఇచ్చారని ఏళ్ల తరబడి అలమరాలో దాచిన బాంబ్ ఉంటే దయచేసి పారేయండి.

నేచురల్ అని రాసుంటే సేఫ్ అనుకోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. దాల్చినచెక్క నూనె, లవంగం నూనె రెండూ నేచురలే, చర్మాన్ని మండించేవాటిలో ముందు వరసలో ఉండేవీ అవే. పైగా నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది, మనం కూర్చోగానే ఆ చుక్క పలచబడకుండానే ఒంటికి అంటుకుంటుంది, అదీ సున్నితమైన చోట్ల తగిలితే మంట మామూలుగా ఉండదు. అందుకే పాలీసార్బేట్ 80 అనేది వేస్తారు, అది నూనెని నీళ్లలో కలిసేలా చేస్తుంది, టబ్‌కి రంగు పట్టకుండా కూడా కాపాడుతుంది. పేరు చూసి దీన్ని వద్దనుకుని నూనెలు మాత్రం దండిగా ఉన్న బాంబ్ కొనేవాళ్లున్నారు, నన్నడిగితే అది రివర్స్‌లో జరగాలి. నట్స్ ఎలర్జీ ఉన్నవాళ్లు బాదం నూనె ఉందేమో కూడా చూస్కోండి.

రంగులకి సీఐ (కలర్ ఇండెక్స్, రంగుల జాబితా) అని పక్కన నంబర్ ఉంటుంది, 77891 అంటే టైటానియం డయాక్సైడ్, 77019 అంటే మైకా అనే మెరిసే ఖనిజం, 42090 నీలం రంగు, 19140 పసుపు రంగు. నంబర్ లేకుండా ఊరికే కలర్ అని రాస్తే నేను కొనను. గ్లిట్టర్ చాలావరకు ప్లాస్టిక్, కంట్లో పడితే గీసుకుంటుంది, నీళ్లతో పాటు డ్రైనేజీలోకి పోతుంది, 2023లో యూరోపియన్ యూనియన్ మైక్రోప్లాస్టిక్‌ని (సన్నటి ప్లాస్టిక్ ముక్కల్ని) కట్టడి చేస్తూ తెచ్చిన రూల్ గ్లిట్టర్‌కీ వర్తిస్తుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లకి కొన్ని మాటలు. బరువులో రెండు వంతులు సోడాకి ఒక వంతు సిట్రిక్ యాసిడ్, ఇది అందరూ వాడే లెక్క, కొలత గిన్నెలు కాదు వేయింగ్ మెషిన్ వాడండి. సోడా మరీ ఎక్కువైతే నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దాకా పోతుంది, మన చర్మంది 5 దగ్గర్లో ఉంటుంది, పొడిబారిపోతుంది. నురగ కోసం ఎస్ఎల్ఎస్ఏ (సోడియం లారిల్ సల్ఫోఅసిటేట్) అనే పొడి వేస్తుంటే మాస్క్ తప్పనిసరి, అది గాల్లోకి లేచి గొంతులో పడితే దగ్గాపుకోలేరు, సిట్రిక్ యాసిడ్ పొడి కూడా కంట్లో పడితే మంటే, చేతికి గాయం ఉంటే గ్లవ్స్ వేసుకోండి. పాత రెసిపీల్లో బోరాక్స్ కనిపిస్తే ఆ రెసిపీనే వదిలేయండి, పిల్లలు పుట్టే సామర్థ్యాన్ని దెబ్బతీసే పదార్థాల కింద దాన్ని యూరప్‌లో లెక్కేశారు. ముఖ్యంగా, చేసిన వెంటనే గాజు సీసాలో బిగించి మూత పెట్టకండి, లోపల తడి మిగిలితే గ్యాస్ వస్తూనే ఉంటుంది, సీసా పగిలే ప్రమాదం ఉంది. ఒకట్రెండు రోజులు గాలికి పూర్తిగా ఆరనిచ్చి తర్వాత దాచండి. పిల్లలకి అందకుండా కూడా పెట్టాలి, చూడ్డానికి అచ్చం మిఠాయిలా ఉంటుంది, నోట్లో పెట్టేసుకుంటారు.

వాడే ముందు చిన్న ముక్క నీళ్లలో కరిగించి మోచేతి లోపలివైపు రాసి కాసేపాగి కడిగేయండి, రెండు రోజులు చూడండి. ఎగ్జిమా ఉన్నా, పుండ్లున్నా, అప్పుడే షేవ్ చేసుకున్నా ఆరోజుకి వద్దు. మూత్రంలో మంట తరచూ వచ్చే ఆడవాళ్లు, చిన్నపిల్లలు దూరంగా ఉంటేనే మేలు, నురగొచ్చే బాత్ ప్రొడక్ట్స్ ఎక్కువగా వాడినా ఎక్కువసేపు అందులో ఉన్నా చర్మానికి, మూత్రనాళానికి ఇబ్బంది రావొచ్చని అమెరికాలో మందులు, కాస్మెటిక్స్ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ రూల్ ప్రకారం హెచ్చరిక రాయాల్సి ఉంటుంది. నీళ్లు గోరువెచ్చగా, టైం పదిహేను నిమిషాలు, లేచాక మామూలు నీళ్లు పోసుకోవాలి. లేచేటప్పుడు పట్టుకుని లేవండి, నూనెకి టబ్ జారుతుంది, తర్వాత స్నానం చేసేవాళ్ల కోసం సబ్బుతో రుద్ది కడగండి.

మంట, దద్దుర్లు మొదలైతే ఓర్చుకుంటూ కూర్చోకండి, వెంటనే బయటికొచ్చి ఒళ్లంతా మంచినీళ్లతో కడుక్కోండి, మొహం వాచినా ఊపిరాడకపోయినా సరాసరి హాస్పిటల్‌కే. కవర్ పారేసే ముందు లేబుల్‌ని ఒక ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, డాక్టర్ మొదట అడిగేది ఏం వాడారు అనే.