కెమెరా పాఠాలు - 7: వెనక్కి జరిగితే లెక్క మారింది

లెన్స్ ఫోకల్ లెంగ్త్ (50, 100 అని మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకె) రెట్టింపైతే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ఫోటోలో ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా కనపడే లోతు, నాలుగో వంతుకు పడిపోతుందని పోయిన పాఠంలో చెప్పాను. అది చదివిన ఒకరు ఒంగోలు గిత్తను 50 లెన్స్‌తో 3 మీటర్ల నుంచి, 100తో 6 మీటర్ల నుంచి తీసి, "రెంటిలోనూ ముట్టె, కళ్లు బాగానే ఉన్నాయి, మూపురం రెంటిలోనూ మసకే. మీ నాలుగో వంతు ఏదండీ?" అని అడిగారు. తప్పు నాదే. 'నిలబడ్డ చోటు కదలకుండా' అన్న మాట నొక్కి చెప్పాల్సింది.

అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, సంగతి మీకు తెలిసిందే: ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది, లోతు తగ్గుతుంది. ఫుల్‌ఫ్రేమ్ బాడీ (పాత 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్న కెమెరా), ఎఫ్ 2.8 అనుకుందాం. 50తో 3 మీటర్లకు లోతు దాదాపు 60 సెంటీమీటర్లు. కంటి మీద ఫోకస్ పెడితే ముందు 27, వెనక 33. అక్కడే నిలబడి 100 బిగిస్తే 15; ముట్టె కూడా పోతుంది. మొహం మునుపటంతే పడాలని 6 మీటర్లకు జరిగారా, మళ్లీ 60. వెనకున్న పాక మాత్రం 100లో పెద్దదవుతుంది, దాంతోపాటు మసకా పెద్దదవుతుంది. అది చూసి లోతు తగ్గిందనుకుంటారు.

ఇక నాకు ఒళ్లు మండే మాట: 'చిన్న సెన్సర్ అయితే లోతు ఎక్కువ.' అదే 50, అదే ఎఫ్ 2.8, అదే 3 మీటర్లు, బాడీ మాత్రం 1.5 క్రాప్‌ది, అంటే సెన్సర్ పొడవు వెడల్పులు ఫుల్‌ఫ్రేమ్ కన్నా ఒకటిన్నర రెట్లు చిన్నవి, అనుకోండి. లోతు 40కి తగ్గుతుంది! చిన్న సెన్సర్ మీద పడ్డ బొమ్మను అదే సైజు ప్రింటుకు ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగదీయాలి, మసక కూడా దాంతో సాగుతుంది. అందుకే ఫుల్‌ఫ్రేమ్‌ సెన్సర్ మీద 0.03 మిల్లీమీటర్ల మసక చుక్క దాకా స్పష్టమేనని ఒప్పుకుంటే ఇక్కడ 0.02 దగ్గరే ఆగాలి. ఫ్రేములో గిత్త మునుపటంతే పట్టాలని 4.5 మీటర్లకు వెళ్తే అప్పుడు 90. ఆ మాట నిజమయ్యేది ఇక్కడే. 60 కావాలంటే ఎఫ్ 1.8కి తెరవండి. అన్నట్టు, 50 లెన్స్ ఏ బాడీ మీదైనా 50యే, క్రాప్ 1.5తో హెచ్చించి 75 అయిపోదు. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ జోలికి నేను పోను. అది లెక్కగట్టి పూసిన మసక.

అభ్యాసం: పొదలకూరు నిమ్మకాయలు 11 తెచ్చి, నేల మీద కెమెరా నుంచి దూరంగా పోయేట్టు టేపు పరిచి, దాని వెంట 10 సెంటీమీటర్లకొకటి, కుడి ఎడమలకు మార్చి మార్చి పెట్టండి. ఆరోదాని మీద ఫోకస్. క్రాప్ బాడీ, 18-55 కిట్ లెన్స్ (కెమెరాతో పాటు వచ్చే జూమ్), ట్రైపాడ్. అపర్చర్ మోడ్‌లో ఎఫ్ 5.6 కట్టేయండి, లేకపోతే జూమ్ చేస్తుంటే అపర్చర్ తనంతట తనే మారి మీ పోలిక చెడుతుంది. కొలత బాడీ పైన సున్నాకు అడ్డగీత ఉన్న గుర్తు (లోపల సెన్సర్ ఉన్న చోటు) నుంచి ఆరో కాయ దాకా. 2 మీటర్లకు 35తో ఒకటి, 55తో ఒకటి, 1.27 మీటర్లకు 35తో ఇంకొకటి. స్పష్టమైన కాయలు సుమారు 7, 3, 3 రావాలి. స్క్రీన్ మీద బొమ్మ మొత్తం కనపడేట్టు చూసి లెక్కపెట్టండి. వందశాతానికి పెంచి చూసి ఒక్క కాయే ఉందని మళ్లీ అడగొద్దు.