కీళ్లవాతానికి పథ్యం: మన వంటింట్లోనే వాపు తగ్గించే ఆహారం

పథ్యం అనగానే మన ఇళ్లలో ముందుగా మానవలసిన వాటి జాబితా వినిపిస్తుంది: వంకాయ వద్దు, పులుపు వద్దు, పప్పు వాతం, పెరుగు చలువ. రుమటాయిడ్ కీళ్లవాతంతో ఏళ్ల తరబడి బాధపడిన మా అమ్మగారు ఈ మాటలన్నీ విని, ఒక్కొక్కటీ మానుకుంటూ పోయి, చివరికి తెల్లన్నం, చారు, అప్పడంతో సరిపెట్టుకున్నారు. నొప్పి తగ్గలేదు సరికదా, ఒంట్లో కండ కరిగి, నేల మీద నుంచి లేవడానికి మనిషి ఆసరా కావలసి వచ్చింది. అందుకే పథ్యాన్ని ఒక్కొక్కటీ మానడంతో కాక, మేలు చేసేవి కంచంలో చేర్చడంతో మొదలుపెట్టాలని చెప్పదలచుకున్నాను.

రుమటాయిడ్ కీళ్లవాతంలో శరీరపు రక్షణ వ్యవస్థ తన కీళ్ల లోపలి పొర మీద తానే దాడి చేస్తుంది. ఆ దాడి వల్ల పుట్టే వాపునే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. రక్తంలో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ పరీక్షలు దాని తీవ్రతను చూపుతాయి. ఆహారం ఈ వాపును కొంత తగ్గించగలదే తప్ప, జబ్బును ఆపలేదు. నొప్పి తగ్గిందని, జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ వంటి మందులు మానేస్తే, పైకి ఏమీ తెలియకుండానే కీలు లోపల అరిగిపోతుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాలు కూరగాయలు, పండ్లు, ముడిధాన్యాలు, పప్పులు, గింజలు, చేపలు ప్రధానంగా ఉండే మధ్యధరా తరహా ఆహారాన్ని ఈ జబ్బుకు షరతులతో సిఫారసు చేశాయి. మందులకు తోడుగానే తప్ప, వాటికి బదులుగా కాదు.

మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయాలి. మొదటిది, నొప్పికి కారణం నిర్ధారణ చేసుకోవడం. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వంటి మెట్ట ప్రాంతాలలో బోరునీటి ఫ్లోరైడు వల్ల వచ్చే కీళ్ల బిగుతును, వెన్ను నొప్పిని చాలామంది వాతమనుకుంటారు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ముందు మార్చవలసింది తాగే నీటిని. రెండవది, ఆహారంలో ఏ మార్పూ చేయకుండా రెండు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో రోజూ మూడు విషయాలు రాయడం: నిద్ర లేచాక కీళ్ల బిగుతు ఎన్ని నిమిషాలు ఉన్నది, నొప్పి పదికి ఎంత, ఏయే కీళ్లు వాచాయి. ఈ రాత లేకపోతే ఏ మార్పు పనిచేసిందో తరువాత ఎవరూ చెప్పలేరు.

ఇక చేపల సంగతి. ఈ విషయంలో మన నెల్లూరు, ప్రకాశం తీరం వాళ్లు అదృష్టవంతులు. వాపును తగ్గించే ఒమేగా-3 కొవ్వులు నూనె ఎక్కువగా ఉండే సముద్రపు చేపలలో దండిగా ఉంటాయి. కవళ్లు, కానాగంతలు అటువంటివే. మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాలలో ఇవి వంజరం, చందువాల కంటే చాలా చవకగా దొరుకుతాయి, అయినా చుట్టాలు వస్తే వండడానికి నామోషీ పడతాము. వారానికి రెండు సార్లు, మనిషికి దాదాపు 100 గ్రాముల చొప్పున తింటే చాలు. కాగే నూనెలో వేయించడం కంటే పులుసు పెట్టడం మేలు. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ, చింతపండు, మెంతులు అన్నీ ఉండనివ్వవచ్చు. తగ్గించవలసింది పైన తేలే నూనెను, ఉప్పును. మట్టిచట్టిలో చిన్న మంట మీద ఉడికితే నాలుగు చెంచాల నూనెకే ముక్క చెదరకుండా వస్తుంది, మర్నాటికి రుచి ఇంకా దిగుతుంది. ఎండుచేపలలో ఉప్పు మితిమీరి ఉంటుంది కాబట్టి వాటిని ఈ లెక్కలో వేసుకోకూడదు. శాకాహారులు రోజూ ఒక పెద్ద చెంచా అవిసె గింజలను దోరగా వేయించి, పొడి చేసి వాడుకోవచ్చు. గింజను అలాగే మింగితే అరగదు. అయితే వాటిలోని ఒమేగా-3 శరీరంలో చేపనూనె రూపానికి మారేది కొద్దిగానే.

కంచంలో సగం కూరలు, పావు వంతు అన్నం, మిగిలిన పావు పప్పు లేదా చేప ఉండేటట్లు చూడాలి. నెల్లూరు మొలగొలుకులు పండిన నేల వాళ్లకు అన్నం తగ్గించమనడం కష్టమని నాకు తెలుసు, కాబట్టి ముందు కూరను రెట్టింపు చేయండి, అన్నం దానంతటదే తగ్గుతుంది. ప్రకాశం మెట్టలో పండే కందులు, సజ్జలు, జొన్నలు, కొర్రలు ఇందుకు ఎంతో అనువైనవి: వాటి పీచును పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు వాపును తగ్గించే ఆమ్లాలు తయారవుతాయి. మునగాకు, తోటకూర, బీర, సొర రోజుకు రెండు రకాలైనా ఉండాలి. బరువు ఎక్కువ ఉన్నవారికి మోకాళ్ల విషయంలో మరొక లాభం ఉంది: ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

తగ్గించవలసినవి కొన్నే: మరిగిన నూనెను మళ్లీ వాడి వేసిన బజ్జీలు, వనస్పతితో చేసిన బేకరీ సరుకు, తీపి పానీయాలు, రోజువారీ మిఠాయిలు. మలై కాజా పండుగకు ఒకటి తింటే జబ్బు ముదరదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి ఒంట్లో నీరు చేరుతుంది కాబట్టి ఆవకాయ, వడియాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం.

పసుపు గురించి ఒక మాట. కూరలో వేసే పసుపు, మిరియాలు మంచివే. కానీ పసుపు సారంతో చేసిన మాత్రలను పెద్ద మోతాదులో మింగి కాలేయం దెబ్బతిన్నవారు ఉన్నారు. మెథోట్రెక్సేట్ కూడా కాలేయానికి భారమే కాబట్టి వైద్యుని అడగకుండా వాటిని కొనకూడదు.

పులుపు, వంకాయ అందరికీ పడవన్న మాటకు గట్టి ఆధారం లేదు, కానీ మీకు పడకపోవచ్చు. అనుమానం ఉంటే ఒక్కదానినే మూడు వారాలు మాని, మళ్లీ మూడు రోజులు వరుసగా తిని, నోటుపుస్తకంలో తేడా చూడండి. ఒకేసారి నాలుగు మానితే ఏమీ తెలియదు.

ఈ పద్ధతి అందరికీ ఒకేలా సరిపడదు. యూరిక్ ఆమ్లం పెరిగి గౌట్ వచ్చేవారికి కవళ్లు నొప్పిని పెంచుతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆకుకూరలు, పప్పు, కొబ్బరినీళ్లు ఎంత తీసుకోవాలో వైద్యుని అడగాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు, ఒక్కసారిగా మానకూడదు.

రెండు మూడు నెలలు గడిస్తే గాని ఫలితం తేలదు. మా అమ్మగారికి మూడవ నెలలో ఉదయపు బిగుతు గంటన్నర నుంచి నలభై నిమిషాలకు దిగింది. మందుల మోతాదు మాత్రం మారలేదు. తరువాతిసారి వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకాన్ని, పాత, కొత్త సీఆర్‌పీ కాగితాలను కలిపి తీసుకువెళ్లండి. మందు తగ్గించాలో, పెంచాలో వాటిని చూసి ఆయన నిర్ణయిస్తారు.