కొబ్బరినూనె: తలకు, ఒంటికి, వంటకు వాడే పద్ధతి

కొబ్బరి తోటలకూ అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకూ పేరుపడిన కోనసీమలో కూడా కూరల్లో ఎక్కువగా పోసేది ఇతర నూనెలే గాని, కొబ్బరినూనె సీసా మాత్రం అద్దం పక్కనే ఉంటుంది. కేరళలో అదే నూనె పొయ్యి పక్కన ఉంటుంది. రెండు చోట్లా అది పనికొచ్చేదే. అయితే ఏ పనికి ఏ రకం, ఎంత, ఎప్పుడు అన్నది తెలిసి వాడాలి.

బజారులో మూడు రకాలు దొరుకుతాయి: ఎండు కొబ్బరిని గానుగ ఆడించి తీసినది, పచ్చి కొబ్బరి నుంచి తీసిన వర్జిన్ నూనె, వాసనా రంగూ లేకుండా శుద్ధి చేసిన రిఫైన్డ్ నూనె. చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరినూనెను, తలనూనెగా అమ్మకానికి పెడితే తప్ప, పన్ను విషయంలో వంటనూనెగానే చూడాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వంటకు కొనేవారు సీసా మీద వంటనూనె అన్న మాటా, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్యా చూసుకోవాలి. పరిమళాలు, మూలికలు కలిపిన తలనూనెను కూరలో వేయకూడదు.

ఓపిక ఉన్నవారు ఇంట్లోనే తీసుకోవచ్చు. బాగా ముదిరిన ఐదు కాయలను కోరి, గోరువెచ్చని నీళ్లు పోసి రుబ్బి, పలుచని గుడ్డలో గట్టిగా పిండి పాలు తీయాలి. ఆ పాలను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మీగడ పైన గట్టిగా పేరుకుంటుంది, నీరు అడుగున నిలుస్తుంది. మీగడను మాత్రమే అడుగు మందంగా ఉన్న గిన్నెలోకి తీసుకుని సన్నని సెగ మీద కలుపుతూ ఉండాలి. మొదట అది పాలలా పొంగుతుంది, తరువాత విరిగినట్టు ముద్దలు కడుతుంది, ఆ ముద్దల చుట్టూ తేటగా నూనె ఊరడం మొదలవుతుంది. చిటపటలు తగ్గి, అడుగున మడ్డి లేత బంగారు రంగుకు వచ్చిన క్షణాన దించి వడకట్టాలి. ఇంకాస్త ఆగితే నూనెకు మాడు వాసన పట్టి, చేసిన శ్రమంతా వృథా అవుతుంది. కాయలను బట్టి సుమారు పావు లీటరు వస్తుంది. మిగిలిన మడ్డిలో బెల్లం కలిపి పిల్లలకు పెడితే చాలా ఇష్టంగా తింటారు.

ఈ నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. చలికాలంలో సీసాను నేరుగా పొయ్యి మీద పెట్టకుండా, వేడినీళ్ల గిన్నెలో నిలబెడితే చాలు.

తలకు రాసే విషయంలో ముఖ్యమైనది సమయం. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం ఉంటుంది. దాని అణువు చిన్నది కావడం వల్ల వెంట్రుక లోపలికి ఇంకి, తలంటు వేళ వెంట్రుక నీటికి ఉబ్బి మాంసకృత్తులు కోల్పోకుండా కాపాడుతుంది. అందుకే తలంటుకు ముందు, రెండు మూడు గంటలైనా ఆగేలా రాసుకోవడం మేలు. చిక్కు తీసిన జుట్టును పాయలుగా విడదీసి, అరచేతిలో రుద్దిన నూనెను చివళ్ల నుంచి పైకి పట్టించాలి, ఎందుకంటే పొడిబారేదీ చిట్లేదీ చివళ్లే. నడుము దాకా ఉన్న జడకు రెండు చెంచాలు సరిపోతాయి. కారిపోయేలా పోస్తే అది వదలడానికి షాంపూ రెట్టింపు వాడవలసి వస్తుంది. చుండ్రు ఉన్నవారు కుదుళ్లకు రాయకపోవడమే మంచిది, ఎందుకంటే చుండ్రుకు కారణమయ్యే శిలీంధ్రం కొవ్వు మీదే బతుకుతుంది. రాలిన జుట్టును ఈ నూనె మళ్లీ మొలిపిస్తుందన్న మాటను మాత్రం నమ్మవద్దు.

ఒంటికి స్నానం కాగానే, తడి పూర్తిగా ఆరకముందే పలుచగా రాసుకుంటే చర్మంలోని తేమ నిలుస్తుంది. పగిలిన మడమలకు రాత్రి రాసి మేజోళ్లు వేసుకోవాలి. దూదికి కాస్త అద్ది తుడిస్తే కాటుక సులువుగా వదులుతుంది. మొటిమలు వచ్చే ముఖానికి ఇది సరిపడదు, రంధ్రాలను మూసివేస్తుంది. కాలిన గాయం మీద ఏ నూనే రాయకూడదు. 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి.

వంటలో వర్జిన్ నూనె సుమారు 175 డిగ్రీలకే పొగలు కక్కుతుంది కాబట్టి దానిని వేపుళ్లకు గాక, దించేముందు పచ్చిగా కలపడానికి వాడాలి. కేరళవారి కలగూర అవియల్ మీద ఒక చెంచా పోసి, కరివేపాకు దూసి వేసి వెంటనే మూత పెడితే ఆ ఆవిరికే వాసన కూరంతటికీ పడుతుంది. బీరకాయ కూరకూ ఇదే పద్ధతి బాగుంటుంది. పనసకాయ కోసే ముందు చేతులకూ కత్తికీ ఈ నూనె పూసుకుంటే జిగురు అంటదు. అయితే రోజువారీ నూనె అంతా ఇదే చేసుకోవద్దు. ఒక టేబుల్ చెంచాలో 11 నుంచి 12 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది. సంతృప్త కొవ్వు నుంచి వచ్చే కేలరీలు మొత్తంలో పది శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది, 2000 కేలరీలు తినేవారికి అది రోజుకు 22 గ్రాములే. కొలెస్టరాల్ ఎక్కువ ఉన్నవారు వైద్యుని అడిగి వాడాలి.

ఎప్పుడూ పొడి చెంచాతోనే తీసి, ఎండ తగలని చోట మూత బిగించి పెట్టాలి. ముక్కిన వాసన వస్తే అది తలకూ కూరకూ పనికిరాదు. పెరట్లోని పలుగూ పారా తుప్పు పట్టకుండా పూయడానికి పనికొస్తుంది.