బయోగ్యాస్ నుంచి బండి ఇంధనం – 5వ పాఠం: గ్యాస్‌ను నీళ్లతో కడగడం

పోయిన పాఠంలో సిరంజి పరీక్ష నేర్చుకున్నాం. 100 మిల్లీలీటర్ల గ్యాస్‌ను కాస్టిక్ సోడా ద్రావణంతో కలిపి గిలకరిస్తే కార్బన్ డయాక్సైడ్ ద్రావణంలోకి వెళ్లిపోతుంది. మిగిలింది దాదాపుగా మీథేన్. మీ సిరంజిలో 60 మిల్లీలీటర్లు మిగిలిందనుకుందాం, ఈ పాఠమంతా ఆ లెక్కతోనే నడుద్దాం. కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా మాత్రం ఆ పరీక్ష మళ్లీ చేయకండి. కాస్టిక్ సోడా కంట్లో పడితే చూపే పోవచ్చు.

మిగతా 40 పాళ్లు మండని సరుకు. దాన్ని తీయకుండా సిలిండర్లోకి నొక్కితే కంప్రెసర్ కష్టంలో, సిలిండర్ జాగాలో చాలా భాగం మండని గ్యాస్‌కే పోతుంది. అందుకే ముందు కడగాలి. మార్గాలు చాలా ఉన్నా నేను నీళ్లతోనే మొదలుపెడతాను. ఇందులో జరిగేదంతా మీ చేత్తో లెక్కగట్టి చూసుకోవచ్చు.

సోడా సీసా మూత తీయగానే బుస్సుమంటుంది కదా. పీడనం ఉన్నంతసేపు నీటిలో ఒదిగి ఉన్న గ్యాస్, పీడనం తగ్గగానే బయటపడుతుంది. స్క్రబ్బర్, అంటే గ్యాస్‌ను నీళ్లతో కడిగే టవర్, చేసే పని కూడా ఇంతే. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో, లీటరు నీరు సుమారు 0.88 లీటర్ల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. మీథేన్ అయితే 0.03 లీటర్లే. ఈ తేడా మీదే ఈ పద్ధతి మొత్తం నిలబడి ఉంది.

ఇప్పుడు కాగితం తీయండి. వెయ్యి లీటర్ల గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ 400 లీటర్లు. మామూలు పీడనం సుమారు 1 బార్, అందులో దాని వాటా 0.4 బార్ కాబట్టి లీటరు నీరు 0.88 కాదు, 0.35 లీటర్లే పడుతుంది. అంటే 400 లీటర్లకు 1140 లీటర్ల నీరు కావాలి. అదే గ్యాస్‌ను 10 బార్లకు నొక్కితే వాటా 4 బార్లవుతుంది, లీటరు నీటికి 3.5 లీటర్లు కరుగుతుంది, 114 లీటర్ల నీరు చాలు. పీడనం పదింతలైతే నీరు పదో వంతుకు తగ్గింది. ఇది సిద్ధాంతం చెప్పే కనీసం; నిజమైన టవర్‌కు ఇంతకంటే ఎక్కువే పడుతుంది. నీరు చల్లగా ఉంటే ఇంకా మంచిది: 10 డిగ్రీల దగ్గర లీటరు పట్టేది 1.2 లీటర్ల దాకా పెరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 0.67కు పడిపోతుంది.

టవర్‌లో గ్యాస్ కింద నుంచి పైకి, నీరు పై నుంచి కిందికి రావాలి. అప్పుడే దాదాపు శుభ్రమైపోయిన గ్యాస్‌కు పైభాగంలో తాజా నీరు ఎదురవుతుంది. రెండూ ఒకే దిక్కున పోతే చివరికొచ్చేసరికి నీరు నిండిపోయి ఉంటుంది. లోపల చిన్న చిన్న ప్లాస్టిక్ వలయాలు నింపితే నీరు పలుచని పొరగా జారి, గ్యాస్‌కు ఎక్కువ చోట తగులుతుంది.

మన 114 లీటర్ల నీరు మీథేన్‌ను కూడా కొంత ఎత్తుకుపోతుంది. మీథేన్ వాటా 6 బార్లు, కాబట్టి లీటరుకు 0.2 లీటర్లు, మొత్తం 23 లీటర్లు. 600 లీటర్లలో ఇది దాదాపు 4 శాతం. మీథేన్ గాలిలో కలిస్తే వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. మంచి ఇంధనం చేస్తున్నామని చెప్పుకుంటూ దీన్ని వదిలేయడం నాకు ఒప్పదు. టవర్ దాటిన నీటిని ముందుగా 3 బార్ల దగ్గర ఒక మధ్య ట్యాంకులోకి పంపండి. మీథేన్ చాలావరకు అక్కడే తేలుతుంది. దాన్ని తిరిగి కంప్రెసర్ మొదటికి కలపండి.

బయోగ్యాస్‌లో కొద్దిగా ఉండే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా నీటిలో కరుగుతుంది, మరి దాన్ని ఇనుప తుప్పుతో పట్టే 3వ పాఠంలోని తుప్పు పెట్టె ఎందుకని అడగవచ్చు. కరిగింది పీడనం తగ్గగానే నీటిలోంచి మీ ముఖం మీదికే వస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే జాగ్రత్తపడతాం. గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు, ప్రాణం పోయేది అప్పుడే. తడితో కలిసి ఉక్కు సిలిండర్‌ను పగిలేలా చేసేదీ ఇదే. కాబట్టి గ్యాస్ మొదట తుప్పు పెట్టెలోంచి, ఆ తర్వాతే టవర్‌లోంచి పోవాలి.

గ్యాస్ లాగే గొట్టంలో ఎక్కడైనా సందు ఉంటే గాలి దూరుతుంది. అందులోని నైట్రోజన్‌ను నీరు తీయలేదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. కడిగే ముందు ప్రతి కీలునూ సబ్బునీటితో చూడండి. పీల్చే వైపు బుడగ రాదు కనుక ఆ భాగాన్ని కొంచెం పీడనంతో నింపి చూడాలి.

కడిగిన గ్యాస్ తడిగా వస్తుంది. సిలికా జెల్‌తో ఆరబెట్టకపోతే అధిక పీడనంలో నీరూ మీథేనూ కలిసి మంచులాంటి గడ్డగా మారి వాల్వును మూసేస్తాయి. సున్నా డిగ్రీలకు పైన కూడా ఇలా జరుగుతుంది.

ఇక నొక్కడం. వంట గ్యాస్ కొద్ది బార్లకే ద్రవమవుతుంది. మీథేన్ మైనస్ 82 డిగ్రీలకు పైన ఎంత నొక్కినా ద్రవం కాదు, అందుకే 200 బార్లు కావాలి. ఒకే దశలో అంత నొక్కితే వేడి లెక్క ప్రకారం 700 డిగ్రీలు దాటుతుంది. నాలుగు దశలు చేసి, దశ దశకూ చల్లబరిస్తే ఒక్కోసారి 130 డిగ్రీల దగ్గర ఆగుతుంది. వంట గ్యాస్ సిలిండర్‌లో దీన్ని నింపాలని ఎవరైనా చెబితే వినకండి, అది ఈ పీడనానికి చేసింది కాదు. ఫ్రిజ్ కంప్రెసర్‌తో ప్రయోగాలూ వద్దు. ఈ దశను ఇంట్లో చేయకండి; పరీక్షించి ముద్ర వేసిన సిలిండర్లతో, నేర్చినవాళ్ల దగ్గరే చేయాలి.

వచ్చే పాఠానికి ఈ లెక్క చేసి ఉంచండి: మీథేన్ 55 శాతం, పీడనం 7 బార్లు, నీరు 20 డిగ్రీలు. వెయ్యి లీటర్ల గ్యాస్‌కు కనీసం ఎంత నీరు? 160 లీటర్ల చుట్టుపక్కల రావాలి. రాకపోతే కార్బన్ డయాక్సైడ్ వాటా పీడనాన్ని మరోసారి చూసుకోండి.