మాంగోల్ఫియర్ పద్ధతిలో కాగితం బెలూన్

1783 జూన్ 4న ఫ్రాన్స్‌లోని అనోనేలో మాంగోల్ఫియర్ సోదరులు ఎగరేసిన బెలూన్ కాగితం అతికిన గుడ్డతో చేసినది. గుడ్డ ముక్కల్ని గుండీలతో కలిపారు. బెలూన్‌ను లేపేది పొగేనని వాళ్ల నమ్మకం. నిజానికి లేపింది వేడిగాలి.

మీటరు వ్యాసం బెలూన్‌కు పలుచటి టిష్యూ కాగితంతో 8 తొనలు కత్తిరించాలి. ఒక్కో తొన పొడవు 157 సెం.మీ., నడుమ వెడల్పు 39, కొన నుంచి 39 సెం.మీ. దగ్గర వెడల్పు 28. అతుకుకు ఒక అంచున 1 సెం.మీ. అదనం. అంచులు కోణాలుగా కాక వంపుగా రావాలి, లేదంటే అతుకు ముడతలు పడి గాలి కారుతుంది. మూతి 20 సెం.మీ. వదిలి, సన్నటి తీగ చుట్టండి. ఆ బరువు లేకపోతే బెలూన్ పక్కకు ఒరిగి వేడిగాలి పోతుంది.

లెక్క ఇదీ: బయట 20 డిగ్రీలు, లోపల 80 ఉంటే లేపే బలం సుమారు 105 గ్రాములు. కాగితమే 55 గ్రాములకు పైన తూగుతుంది. కాబట్టి జిగురు పలుచగా పూయండి. మంట వద్దు, హెయిర్ డ్రయ్యర్ చాలు. చల్లటి, గాలి లేని ఉదయమైతే మేలు.