గిటార్ స్వయంబోధిని – 7వ పాఠం: బూమ్-చిక్

పోయిన పాఠంలో జి, సి, డి కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఆగకుండా మార్చడం వచ్చింది. ఈసారి పనంతా కుడిచేతిదే.

ముందు అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ 1994 ఆల్బమ్ 'అమెరికన్ రికార్డింగ్స్' వినండి. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. నిర్మాత రిక్ రూబిన్ డ్రమ్స్ పెట్టలేదు, బేస్ పెట్టలేదు; 13 పాటల్లోనూ ఒక గొంతు, ఒక గిటార్, అంతే. తాళం మోసే భారమంతా ఆ గిటారుదే. మాటలు పక్కనపెట్టి లావు తీగల మీదే చెవి పెట్టండి.

ఒక్కో కొలతకు (బార్) నాలుగు దెబ్బలు. 1కి ఒక్క లావు తీగ (బూమ్), 2కి సన్నని మూడు తీగల మీద ఒకే ఊపులో కిందికి చిన్న స్ట్రమ్ (చిక్), 3కి ఇంకో లావు తీగ, 4కి మళ్లీ స్ట్రమ్. అన్నిటికంటే లావుది 6వ తీగ.

జి కార్డుకు బూమ్‌లు: 6వ తీగ 3వ ఫ్రెట్ (మెడ మీద లోహపు గీతల మధ్య గడి), తర్వాత 4వ తీగ ఖాళీగా. సికి 5వ తీగ 3వ ఫ్రెట్, తర్వాత 4వ తీగ 2వ ఫ్రెట్. డికి 4వ తీగ, తర్వాత 5వ తీగ, రెండూ ఖాళీగానే. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు తడబడకుండా వస్తేనే ఐదు పెంచండి. 100 దాకా చాలు.

బూమ్ తప్పు తీగకు తగులుతోందా? చెయ్యి గాల్లో తేలుతోందన్నమాట. 6వ తీగ మీటాక పిక్‌ను (మీటే ముక్కను) పైకి లేపకుండా 5వ తీగ మీదే ఆననివ్వండి. చిక్ అక్కణ్ణుంచే మొదలవుతుంది. చిక్ మరీ మోగి బూమ్‌ను మింగేస్తుంటే మోచెయ్యి ఊగుతోంది. మణికట్టు మాత్రమే కదలాలి.

ఎక్కువమంది ఇరుక్కునేది కార్డు మార్పు దగ్గర. మొదటి దెబ్బకు కార్డంతా అక్కర్లేదు, బేస్ స్వరం ఒక్కటుంటే చాలు. సికి ఉంగరపు వేలు ముందు పడితే మిగతావి చిక్ వేళకు చేరుకుంటాయి. డికైతే ఆ దెబ్బకు ఏ వేలూ పనిలేదు.

ఇక జి నుంచి సికి నడక. జి చివరి కొలతలో 3, 4 దెబ్బలకు స్ట్రమ్ మానేసి 5వ తీగను ఖాళీగా ఒకసారి, 2వ ఫ్రెట్ నొక్కి ఒకసారి మీటండి. తర్వాతి 1కి అదే తీగ 3వ ఫ్రెట్‌లో సి దొరుకుతుంది.

సరదాకు ఇంకోటి. 1950లలో క్యాష్ బృందంలో డ్రమ్మర్ లేనప్పుడు ఆయన తీగల మధ్య కాగితం దూర్చి స్నేర్ డ్రమ్ లాంటి గరగర పుట్టించేవాడు. మూడు సెంటీమీటర్ల వెడల్పు నోటుబుక్ కాగితాన్ని ఒక తీగ పైనుంచి, పక్కదాని కిందనుంచి అల్లండి. స్వరం మరీ మూగబోతే బ్రిడ్జ్ (తీగలు గిటార్ పెట్టెకు బిగించే చోటు) వైపు జరపండి. అట్టముక్క వద్దు, స్వరాన్నే చంపేస్తుంది.

వచ్చే పాఠంలో ఇదే పట్టుతో మూడు దెబ్బల వాల్ట్జ్.