సెమిస్టర్ పరీక్షకు స్క్రైబ్‌ను కుదిర్చే ముందు

నెల్లూరు దగ్గర కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల్లో దివ్యాంగ విద్యార్థుల పనులు చూసేవాళ్లకు ఒక మాట. స్క్రైబ్‌ను, అంటే విద్యార్థి చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని, కుదిర్చేందుకు హాల్ టికెట్లు వచ్చేదాకా ఆగొద్దు, పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే మొదలుపెట్టండి.

ముందు కాగితాలు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువీకరణ పత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), పదో తరగతి మెమో, మూడింట్లో పేరు ఒకేలా ఉందా? ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటే పని అక్కడే ఆగుతుంది. తాత్కాలిక సర్టిఫికెట్ అయితే గడువు కూడా చూడండి.

అసలు తలనొప్పి స్క్రైబ్ దగ్గరే. విద్యార్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు తనకంటే ఒక మెట్టు తక్కువుండాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో చెప్పారు. పరీక్ష పెట్టేవాళ్లే ఇస్తే, రెండు రోజుల ముందు విద్యార్థి అతన్ని కలిసే అవకాశం ఇవ్వాలనీ అందులో ఉంది. ఆ రోజు ఊరికే పరిచయం చేసి పంపేయకండి. పాత ప్రశ్నపత్రం ఇచ్చి పావుగంట రాయించండి. నేనొకసారి ఇది వదిలేశాను. పరీక్షలో ఆ స్క్రైబ్ 'వికేంద్రీకరణ' అన్న మాటను నాలుగుసార్లు చెప్పించుకుని, చివరికి తప్పే రాశాడు. జ్వరాలొస్తాయి కాబట్టి ఇంకొకరిని సిద్ధంగా ఉంచుకోండి.

స్క్రైబ్‌తో రాసేవాళ్లకు గంటకు 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపరుకు గంట అదనం. ఈ సంగతి ఇన్విజిలేటర్‌కు కాగితం మీదే ఇప్పించండి, నోటిమాట నిలవదు.

గది కింది అంతస్తులో వేయించండి. ర్యాంపు ఉందంటారు గానీ, దాని మీద బైకులుంటాయి. స్వయంగా వెళ్లి చూడాల్సిందే.

ఉదయగిరి, వింజమూరు వైపు వెళ్లే పిల్లలకు ఆ అదనపు గంటతో బస్సు తప్పిపోవచ్చు. ఇంట్లోవాళ్లకు ముందురోజే ఫోన్ చేయండి.